దగ్గుబిళ్ళ

పెద్ద వ్యాధులను గుఱించియు పెద్ద మందులను గుఱించియు వ్రాయువారు పెక్కండ్రు కలరు. చిన్న వ్యాధిని గుఱించియు, దానికి మనము వాడు చిన్న మందును గుఱించియు వ్రాయుటకు ఎవరికిని తీఱిక లేదు. అయినను సంసారము నడపువారి దినచర్యలో పెద్ద వ్యాధి యేడాదికొకసారి వచ్చిన వచ్చును, లేకున్న లేదు. చిన్న వ్యాధి మాత్రము ఇంటిలో ఎవరినో యొకరిని పట్టుకొనియే యుండును. కార్తికము మొదలుకొని మాఘము వఱకు దగ్గు వినబడని యిల్లు మా సీమలో నుండదు. ఆ దగ్గునకు మనవారు మొట్టమొదట చేయు చికిత్స యేది? కషాయము కాదు, వైద్యుడును కాడు. సందు మొదట నున్న కిరాణపు దుకాణములో సీసానుండి తీసి యిచ్చు దగ్గుబిళ్ళ. దానినే నేటి వ్యాసమునకు విషయముగా గైకొనుచున్నాను. విషయ మల్పమని చదువరులు పుట త్రిప్పకుందురు గాక.

నేను పుట్టినది సూర్యాపేట, ఉద్యోగము కోదాడ, అత్తవారిల్లు మిర్యాలగూడ. ఈ మూడూళ్ళ నడుమనే నా జీవితములో ముప్పాతిక గడచినది. 2016వ సంవత్సరము అక్టోబరు వఱకు మూడును నల్లగొండ జిల్లాలోనివే. ఆ నెలలో సూర్యాపేట ప్రత్యేక జిల్లా కాగా కోదాడ దానిలో చేరినది. మిర్యాలగూడ నల్లగొండలోనే మిగిలినది. జిల్లాలు వేఱైనను గాలి యొక్కటే. ఆ గాలిలోని దుమ్ములు మాత్రము వేఱు వేఱు. సూర్యాపేటకు మార్కెట్టు యార్డులో కుప్పలు పోసిన ధాన్యపు దుమ్ము. కోదాడకు హైదరాబాదు నుండి విజయవాడకు పోవు జాతీయ రహదారిపై రేయింబవళ్ళు నడచు లారీల పొగయు, మేళ్ళచెఱువు మట్టంపల్లి దిక్కున నున్న సిమెంటు కర్మాగారముల ధూళియు. మిర్యాలగూడకు ఉప్పుడు బియ్యపు మిల్లుల ఊకబూడిద. 1967లో నాగార్జునసాగరపు నీరు కాలువలలోనికి వచ్చినది మొదలు ఈ మెట్టనేలలు మాగాణులయ్యెను. వరి పెరిగినది, మిల్లులు పెరిగినవి, అన్నము పెరిగినది. వానితోపాటు పొట్టును బూడిదయు పెరిగినవి. అన్నము పెట్టిన కాలువను నిందించుట నా యుద్దేశము కాదు. దగ్గునకు మూలము ఎల్లప్పుడును గొంతులోనే యుండదనియు, ఊరిలో కూడ నుండుననియు చెప్పుటకే యీ మాట.

మా వైపు జలుబును సర్ది యందురు. కృష్ణాజిల్లా వైపు పోయినచో అదియే పడిశ మగును. పేరు మాఱినను బిళ్ళ మాఱదు. వెల యొక రూపాయియో రెండు రూపాయలో. చిల్లర లేనప్పుడు దుకాణదారు రూపాయికి బదులుగా ఒక బిళ్ళను చేతిలో పెట్టుట అందఱును చూచినదే. నాణెమునకు మాఱుగా చెల్లు మందు ఇదియొక్కటియే యనవచ్చును. చట్టమును దీనియెడ మెత్తగానే యున్నది. వేయిమందికి మించని జనాభా గల పల్లెలలో ఇంటివాడుక మందులను కొన్నింటిని లైసెన్సు లేకయే అమ్మవచ్చునని ఔషధ నియమములలో నొక మినహాయింపు కలదు. దగ్గుబిళ్ళలు ఆ పట్టికలో చేరియున్నవి. ఇక మూలికల పేర ఆయుర్వేద లైసెన్సుతో తయారగు బిళ్ళలు పట్టణములలో సైతము బిస్కత్తుల ప్రక్కననే కూర్చుండును. ఈ విధముగా నిది మిఠాయికిని మందునకును సరిహద్దున నిలిచిన వస్తువు. బిడ్డలు మిఠాయి యని తిందురు. పెద్దలు మందని తిందురు. ఇద్దఱును నిజమే పలుకుదురు.

నేను దీనికి శత్రువును గాను. ఇరువదేండ్లుగా బడిలో పాఠములు చెప్పుచున్నాను. దినమునకైదు పాఠములు, తరగతికి అఱువదిమంది బిడ్డలు, ప్రక్కగదిలో మఱియొక ఉపాధ్యాయుని గొంతు, వెలుపల రహదారి. వీనియన్నిటిపై నా గొంతు లేవవలయును. మధ్యాహ్నము రెండుగంటల వేళకు స్వరము బొంగురుపోవును. నల్లబల్ల తుడిచిన సుద్దపొడి గొంతులో దిగి గరగరలాడును. అట్టి సమయమున బుగ్గన నొక బిళ్ళ వేసికొని కడపటి పాఠము ముగించిన దినములు లెక్కలేనన్ని. అది లేనిచో ఆ పాఠము జరిగియుండదని కాదు, జరుగుట కష్టమయ్యెడిది. కావున దాని మేలును నేనెఱుగుదును. మేలెఱిగినవాడే దాని హద్దును గూడ చెప్పుట న్యాయము.

బిళ్ళ చుట్టిన కాగితముపై నున్న యక్షరములు మిక్కిలి సన్ననివి. చదువ నోపిక యున్నచో వినోదము కలుగును. ఆయుర్వేదపు లైసెన్సు గల బిళ్ళలపైనను అంజనములపైనను పుదీనా కే ఫూల్ అను మాట యుండును. పుదీనా సంస్కృత పదము కాదు, పారసీకము. పువ్వనగా నిచట పూచిన పువ్వు కాదు. పుదీనా జాతి మొక్కనుండి తీసిన తైలమును చల్లబఱుపగా సూదులవలె గడ్డకట్టిన తెల్లని పలుకు. లాటిను భాషలో పుదీనాకు మెంథా యని పేరు. ఆ పేరునుండియే ఈ పలుకునకు 1861లో మెంథాలు అను నామము నిచ్చిరి. చూపునకు కర్పూరమువలె నుండును. సుమారు 42 డిగ్రీల వేడికి కరగును గనుక మా రోహిణికార్తె యెండలో నుంచినచో నీరైపోవును. నేడు ప్రపంచమున దీనిని అత్యధికముగా పండించునది మన దేశమే. ఉత్తరప్రదేశములోని బారాబంకి, రాంపూరు, చందౌసీ ప్రాంతముల రైతులు గోధుమకును వరికిని నడుమ మూడునెలల పంటగా ఈ పుదీనాను వేయుదురు. కోదాడలో నొక బాలుడు బుగ్గన నుంచుకొన్న చల్లదనము గంగామైదానములో నొక రైతు కొలిమిపై కాచి దింపిన తైలమునుండి వచ్చినదని తలంచినపుడు, రూపాయి వస్తువుపై నాకు గౌరవము కలుగుచున్నది.

ఆ చల్లదనమెట్టిది? మంచుముక్క నోటిలో నుంచుకొన్న నోరు నిజముగా చల్లబడును. దగ్గుబిళ్ళ చప్పరించిన నోరు చల్లబడదు; చల్లబడినట్లు తోచును. ఉష్ణమాపకము నుంచి చూచినచో వేడిలో మార్పుండదు. ఈ వింతకు కారణము 2002లో తెలిసినది. చర్మమునందును నోటియందును గల నాడుల కొనలలో చలిని గుర్తించుట కొక ప్రత్యేకమైన ద్వారము వంటి మాంసకృత్తు కలదు. సుమారు 26 డిగ్రీలకు దిగువ చలి సోకినపుడు ఆ ద్వారము తెఱచుకొని మెదడునకు చలి యని వార్త పంపును. మెంథాలు తగిలినపుడు చలి లేకున్నను అదే ద్వారము తెఱచుకొనును. కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్, ఆర్డెం పటపూటియను అను నిరువురు శాస్త్రజ్ఞులు వేఱువేఱుగా దీనిని కనిపెట్టిరి. అంతకు ముందు 1997లో జూలియస్ మిరపకాయలోని కారము, వేడిని గుర్తించు ద్వారమును తెఱచుచున్నదని చూపియుండెను. స్పర్శను, శీతోష్ణములను శరీరమెట్లు గ్రహించునో తెలిపినందులకు ఈ యిరువురకును 2021లో నోబెలు బహుమానము లభించినది. మిరపకాయ నోటిని కాల్చదు, పుదీనా నోటిని చల్లార్చదు. రెండును నాడులతో మాటలాడు భాషలు మాత్రమే. వేదాంతులు త్రాటియందు పాము తోచుటను దృష్టాంతముగా చెప్పుదురు. ఇచట పాము లేదు గాని, భయమునకు బదులు సుఖము కలుగుచున్నది.

భ్రాంతియని తెలిసినంత మాత్రమున దానిని త్రోసివేయనక్కఱలేదు. గొంతునొప్పిలో మనలను బాధించునది నొప్పియే గదా. నొప్పి కొంతసేపు మఱపునకు వచ్చినచో అదియు మేలే. బిళ్ళను చప్పరించునపుడు లాలాజలము ఊరును. మాటిమాటికి మ్రింగుటచే ఎండిన గొంతు తడియగును. చక్కెరపాకము గరుకుదనముపై పూతవలె నిలుచును. పరీక్షలకై బుద్ధిపూర్వకముగా దగ్గు పుట్టించి చూచినపుడు, మెంథాలు ఆవిరి పీల్చినవారికి దగ్గు కొంత తగ్గినట్లును కనబడినది. అయితే ముక్కు దిబ్బడ విషయమున మఱియొక నిజము బయటపడినది. కార్డిఫ్ నగరమున రోనాల్డ్ ఎకిల్స్ అను పండితుడు చేసిన పరీక్షలలో, మెంథాలు పీల్చినవారు ముక్కు విడిపోయినదని చెప్పిరి. యంత్రముతో కొలిచి చూడగా గాలి రాకపోకలు మునుపటివలెనే యుండెను. విడిపోయినది ముక్కు కాదు, ముక్కు విషయమైన బెంగ. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున 2018లో ప్రకటింపబడిన పరిశీలనలో, అధికముగా బిళ్ళలు తినువారికి దగ్గు అధికముగా నున్నట్లు తేలినది. బిళ్ళలవలన దగ్గు పెరిగినదా, దగ్గు పెరిగినందున బిళ్ళలు పెరిగినవా యనునది ఆ పరిశీలనమువలన తేలునది కాదు. ఒకదానివెంట నొకటి వచ్చినంతనే మొదటిది రెండవదానికి కారణమని నిశ్చయించుట మన యిండ్లలో నిత్యము జరుగు తర్కదోషము. నిన్న పెరుగు తిన్నాడు, నేడు దగ్గినాడు. కావున పెరుగే దోషి. ఈ న్యాయస్థానములో పెరుగు, అరటిపండు, తలస్నానము ఎన్నేండ్లుగానో శిక్ష లనుభవించుచున్నవి.

బిళ్ళకు పూర్వము మన యిండ్లలో నేమి యుండెడిది? కరక్కాయ ముక్క బుగ్గన నుంచుకొనుట, మిరియాలు కలకండతో నమలుట, అతిమధురపు వేరు చప్పరించుట, శొంఠి పాలు. శొంఠి లేని కషాయము లేదని సామెతయే కలదు. సితోపలాది చూర్ణమున కలకండ 16 పాళ్ళు, తవక్షీరి 8, పిప్పళ్ళు 4, ఏలకులు 2, లవంగపట్ట 1 పాలు; మొత్తము 31 పాళ్ళలో సగమునకు మించి తీపియే. నేటి దగ్గుబిళ్ళలోను అధికభాగము చక్కెరయే. తీపి దగ్గు నుపశమింపజేయునని నవీనులలోను కొందఱు చెప్పుచున్నారు. కావున పాతది గొప్పదియా క్రొత్తది గొప్పదియా యను వాదమునకు నేను దిగను. పాతవారి యొద్ద మనము నేర్వవలసిన దొకటి వేఱుగా కలదు. చరకసంహిత దగ్గును అయిదు విధములుగా విభజించినది: వాతమువలన, పిత్తమువలన, కఫమువలన, ఉరఃక్షతమువలన, క్షయమువలన కలుగునవి. ఉపేక్షించిన దగ్గు క్షయమునకు దారితీయునని హెచ్చరించినది. అనగా, దగ్గనునది యొక్కటి కాదు, దేనివలన వచ్చినదో చూచి చికిత్స చేయవలయునని వారి మతము. దుకాణపు సీసాలోని బిళ్ళకు ఈ భేదము తెలియదు. అయిదు దగ్గులకును అది యొకే విధముగా చల్లగా నుండును.

ఈ సందర్భమున తెలుగు పత్రికలు చదువువారు మఱువరాని యొక ఉపకారమును చెప్పక పోజాలను. 1867లో కృష్ణాజిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము తయారుచేయ మొదలిడిరి. మెంథాలు, కర్పూరము నేటికిని ఆ పచ్చని యంజనములోని ముఖ్యద్రవ్యములు. తలనొప్పికిని పడిశమునకును దేశమంతయు రాసికొన్న ఆ యంజనపు రాబడితోనే వారు 1908లో ఆంధ్రపత్రికను, 1924లో భారతి మాసపత్రికను నెలకొల్పిరి, ఆంధ్రగ్రంథమాలను నడపిరి. కొన్ని అణాల డబ్బీనుండి ఒక భాషకు వ్యాసములు, కథలు, విమర్శలు వచ్చెనన్నమాట. ఉపశమన మిచ్చు వస్తువును అమ్మి విజ్ఞానము నిచ్చు వస్తువును పంచిపెట్టిన ఆ మహనీయుని వరుస నాకు మిక్కిలి నచ్చినది. ఉపశమనము తరువాత విజ్ఞానము రావలయును. మన యిండ్లలో ఉపశమనముతోనే పని ముగియుచున్నది.

మిర్యాలగూడలో మా అత్తవారి వీథికి సమీపముననే మిల్లులు కలవు. సాయంకాలము నేనట్లు నడచి పోవునపుడు, బీహారు మున్నగు దూరదేశములనుండి వచ్చిన హమాలీలు బస్తాలు దించి, తలపాగలు విదిల్చి, దుకాణము ముందు నిలుచుట చూచుచుందును. వారు కొనునవి టీ, బీడీ, దగ్గుబిళ్ళ. ఒకనిని అడిగితిని. రోజునకెన్ని తినుదువనగా వ్రేళ్ళు మడచి ఎనిమిదనెను. ముసుగు కట్టుకొనరాదా యనగా నవ్వెను. బరువెత్తునపుడు ముసుగులో ఊపిరి యాడదట. బిళ్ళ గొంతును చల్లబఱచును గాని రొమ్ములోనికి దిగిన పొట్టుధూళిని తీయజాలదు. దుమ్ము పీల్చు యంత్రము మిల్లులో నుండవలయును. తడిగుడ్డయో మంచి ముసుగో మొగమున నుండవలయును. పనివానికి నడుమనడుమ విరామముండవలయును. ఈ మూడింటికి బదులుగా రూపాయి బిళ్ళ నడచుచున్నంత కాలము అందఱికిని చవుకయే, ఆ హమాలీకి తప్ప.

ఇక నన్నీ వ్యాసము వ్రాయించిన సంగతికి వత్తును. కొన్నేండ్ల క్రిందట అదే వీథిలో, మా అత్తవారి యింటికి రెండిండ్ల యవతల, మిల్లు గుమాస్తాగా పనిచేయు నొక గృహస్థు కుటుంబముండెను. వారి పెద్దకూతురు డిగ్రీ కడపటి సంవత్సరము చదువుచుండెను. దసరానాడు మొదలైన దగ్గు ఆ పిల్లకు దీపావళికిని తగ్గలేదు. వీథి వైద్యుడొకడు సీసామందు నిచ్చెను. దానితోపాటు బిళ్ళలు తినుమనెను. కార్తికమున పెండ్లిచూపులు వచ్చినవి. వచ్చినవారి యెదుట పిల్ల దగ్గునేమో యని తల్లి రెండు బిళ్ళలు బుగ్గన పెట్టి కూర్చుండబెట్టినది. పిల్ల దగ్గలేదు. మాటయు పెద్దగా ఆడలేదు. ఆడుటకు నోరు తీఱిక లేదు. మితభాషిణి యని వచ్చినవారు మెచ్చుకొనిరి. మాఘమున ముహూర్తమని మాట యనుకొనిరి.

సంక్రాంతికి మేము పోయినపుడు నా భార్య ఆ పిల్లను చూచినది. రవికె భుజములు జాఱుచున్నవి. సాయంకాలమగుసరికి కన్నులు మెఱయుచున్నవి. చేయి పట్టుకొన్న వెచ్చగా నున్నది. దగ్గు మాత్రము వినబడుటలేదు. వినబడకుండుటకై కొంగు చివర ముడిలో బిళ్ళలున్నవి. నా భార్య ఆ తల్లిని ప్రక్కకు పిలిచి, "చిన్నమ్మా, మూడు నెలల దగ్గు. దవాఖానకు ఎందుకు తీస్కపోలేదు?" అని యడిగినది. ఆమె కొంతసేపూరకుండి, "ఇప్పుడు తీస్కపోతే నలుగురు చూస్తరు బిడ్డా. ఇంకెంత, నెలరోజులు. పెండ్లి అయినంక వాళ్ళే చూపిచ్చుకుంటరు" అనెను.

ఆ తల్లి క్రూరురాలు కాదు. కూతురిని ప్రాణముకంటె ఎక్కువగా చూచుకొన్నది. ఆడపిల్లకు జబ్బున్నదను మాట వెడలినచో ఆ పిల్లకే గాక చెల్లెలికి కూడ సంబంధములు రావని ఆమె భయము. ఆ భయమును ఆమె యొంటరిగా పుట్టించుకొనలేదు. మన మందఱమును కలసి ఆమెకిచ్చితిమి. మగపిల్లవాని దగ్గు రోగము. ఆడపిల్ల దగ్గు దోషము. రోగమునకు వైద్యుడుండును, దోషమునకు దాచుట యుండును. రూపాయి బిళ్ళ ఆ దాచుటకు దొరకిన సాధనము.

నా భార్య ఆ తల్లితో వాదింపలేదు. పిల్లనే యడిగినది. పిల్ల, "రేపు పోదాం అక్కా" అనెను. మఱునాడిద్దఱును ఊరిలోని ప్రభుత్వ వైద్యశాలకు పోయిరి. కఫము పరీక్షకిచ్చిరి. నేడు ఆ పరీక్షకు దినములు పట్టవు; యంత్రముపై కొన్ని గంటలలో తెలియును. క్షయ యని తేలినది. తండ్రి ఆ మాట విని గుమ్మములో కూర్చుండిపోయెను. వైద్యశాలవారు ఇంటివారి నందఱిని పిలిపించి పరీక్షించి, పిల్లకు ఆఱునెలల మాత్రలు ఆరంభించిరి. వెల లేదు. అంతేగాక పోషణకై నిక్షయ్ పోషణ యోజన క్రింద నెలకు కొంత ధనము పిల్ల బ్యాంకు ఖాతాలో పడినది. ఆ సాయము 2018లో 500 రూపాయలుగా మొదలై, 2024 నవంబరు నుండి 1000 రూపాయ లయినది.

పెండ్లివారి మాట మిగిలినది. చెప్పవద్దని తల్లి, వాయిదా వేయుమని బంధువులు, చెప్పితీరవలయునని పిల్ల. తుదకు తండ్రి తానే పోయి చెప్పివచ్చెను. వారు మర్యాదగానే వినిరట. ఆఱు నెలలాగి చూతమనిరి. ఆఱు నెలలకును కబురు రాలేదు. ఇది విని కొందఱు, చూచితిరా, చెప్పుటవలన నష్టమే కలిగెను గదా యనిరి. పిల్ల మాత్రలు మానక మ్రింగినది, వేసవికి మరల రవికెలు సరిపోయినవి, పరీక్షలు వ్రాసినది, నేడు హైదరాబాదులో పనిచేయుచున్నది. దాచియుండినచో ఏమయ్యెడిదో చెప్పుట కష్టము కాదు. క్రొత్త యింటిలో కోడలు దగ్గును మఱింత దాచుకొనవలసియుండును. ఆ యింటిలోని వృద్ధులకును పసివారికిని అది సోకవలసియుండును. కనబడిననాడు మోసము చేసిరను నింద ఆ పిల్ల తలపై పడవలసియుండును. ఒక సంబంధము పోయినదని లెక్కించువారు ఈ లెక్కను గూడ వేసి చూడవలయును.

క్షయ సూక్ష్మజీవిని రాబర్ట్ కోఖ్ 1882 మార్చి 24న లోకమునకు ప్రకటించెను. నాటికి మందు లేదు. నేడు మందున్నది, సామాన్యమైన క్షయ ఆఱునెలలలో కుదురును, మందు మొదలిడిన కొన్ని వారములకే ఇతరులకు సోకు గుణము మిక్కిలి తగ్గిపోవును. అయినను ప్రపంచములోని క్షయరోగులలో సుమారు నాల్గవవంతు మన దేశముననే యున్నారు. మందు లేని కాలమున దాచుటకు నిస్సహాయతయైన కారణముగా నుండెను. నేడు దాచుటకు సిగ్గు తప్ప కారణము లేదు.

రెండువారములు దాటిన దగ్గునకు కఫపరీక్ష చేయింపవలయునని మన దేశపు క్షయనివారణ పద్ధతి. సామాన్యపు జలుబుతో వచ్చిన దగ్గు కూడ సగటున 18 దినములు నిలుచునని వైద్యులు లెక్కించియున్నారు గనుక, రెండువారములు దాటినంతనే క్షయ యని బెదరనక్కఱలేదు. పరీక్షించిన వారిలో పెక్కురకు ఏమియు నుండదు. ఏమియు లేదని తెలిసికొనుట కూడ నొక లాభమే. రక్తము పడినను, సాయంకాలపు జ్వరము వచ్చినను, బరువు తగ్గినను, ఆయాసమున్నను రెండువారములు కూడ ఆగరాదు. మూడు నాలుగు వారములు స్వరము బొంగురుగానే యున్నచో, ముఖ్యముగా పొగత్రాగువారు, గొంతు చూపించుకొనవలయును. నావంటి ఉపాధ్యాయులకును ఇది వర్తించును. బిళ్ళకంటె నీళ్ళును, ఒక దినపు మౌనమును మా గొంతులకు మంచి మందులు.

బిడ్డల సంగతి వేఱు. నాలుగైదేండ్ల లోపు పసివారికి గట్టి బిళ్ళ నిచ్చుట ప్రమాదము, గొంతున కడ్డుపడును. చంటిబిడ్డల ముక్కుపుటములకు మెంథాలు, కర్పూరము గల యంజనములు రాయుటయు కూడదు, ఊపిరి బిగబట్టవచ్చును. సీసామందులు మఱింత జాగ్రత్తతో చూడవలసినవి. 2025లో మధ్యప్రదేశములోని ఛింద్వాడా ప్రాంతమున, డైఇథిలీన్ గ్లైకాల్ అను విషము కలసిన దగ్గుమందు త్రాగి ఇరువదిమందికి పైగా పసివారు మరణించిరి. జలుబు దగ్గులకిచ్చు మిశ్రమములలో నొకదానిని నాలుగేండ్లలోపు వారికి వాడరాదని 2023లోనే ప్రభుత్వము ఆజ్ఞాపించియున్నది. బడి యీడు పిల్లలలో, అనగా అయిదు మొదలు పదునైదేండ్ల వఱకు, గొంతునొప్పి విషయమున మఱియొక హెచ్చరిక కలదు. అధికభాగము వానియంతట తగ్గునవే. కాని దగ్గు జలుబులు లేక, జ్వరముతో, మెడగడ్డలతో వచ్చు గొంతునొప్పి స్ట్రెప్టోకోకస్ అను సూక్ష్మజీవివలన కావచ్చును. దానిని ఉపేక్షించినచో కీళ్ళజ్వరము వచ్చి గుండెకవాటములు చెడవచ్చును. సకాలమున పెన్సిలిను జాతి మందిచ్చినచో ఆ యాపద తప్పును. బుగ్గన బిళ్ళతో బడికి వచ్చు పిల్లవానిని చూచినపుడెల్ల నేను వానిని రెండు ప్రశ్నలడుగుచుందును: ఎన్నాళ్ళయినది? జ్వరమున్నదా? "ఏం లేదు సార్, బిళ్ళ ఏసుకున్న" అనుటయే వాని జవాబు. ఆ జవాబు వాడింటిలో నేర్చినది.

కట్టకడపట గృహిణుల విషయము. ఇంటిలో నెవరు దగ్గినను మొదట వినునది ఆమె. ఆమె దగ్గినపుడు వినువారు లేరు. భర్త దగ్గినచో మిరియాల పాలు, బిడ్డ దగ్గినచో డాక్టరు, అత్తగారు దగ్గినచో పరుపు మార్పు. తాను దగ్గినచో పోపులడబ్బాలో చిల్లరతోపాటు దాచుకొన్న బిళ్ళ. కట్టెలపొయ్యి మండు పల్లెయిండ్లలో ఆ దగ్గు పొగవలన నైనను కావచ్చును, పొగ వలన నన్న నెపమున మఱియొక రోగమైనను కావచ్చును. స్త్రీవిద్యను గుఱించియు స్త్రీస్వాతంత్ర్యమును గుఱించియు వ్యాసములు చదివి సంతోషించు మనము, మన యింటిలోని స్త్రీ యెన్ని దినములుగా దగ్గుచున్నదో చెప్పగలమా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకు పాండిత్య మక్కఱలేదు.

కావున చదువరులకు నా విన్నపము స్వల్పమైనది. దగ్గుబిళ్ళను మానవద్దు, అది తన పని తాను నమ్మకముగా చేయుచున్నది. ఇంటిలో నెవరికైన దగ్గు మొదలైననాడు గోడమీది క్యాలెండరులో ఆ తేదీ చుట్టును ఒక సున్న చుట్టుడు. ప్రక్కన వారి పేరు వ్రాయుడు. బిళ్ళలు తినవచ్చును, కషాయము త్రాగవచ్చును, అమృతాంజనము రాసికొనవచ్చును. రెండువారములకు ఆ సున్నవంక చూడుడు. దగ్గింకను ఉన్నచో వైద్యశాలకు పొండు. ఆ పేరు కోడలిదైనను, పెండ్లి కావలసిన కూతురిదైనను, పనిమనిషిదైనను సరే.